గొళ్ళెం తీసేసిన గది

అయినా గుండెకు నాలుగు గదులుంటాయని తెలుసుకోవడానికి పదహారు వారాల చదువెందుకు, గొర్రె గుండెను కోసి బల్లమీద పెడితే నాన్న కూడా చెప్పేస్తాడు, పోయిన నెల ఈ వంటింట్లోనే, కాలేజీవాళ్ళు పోస్టులో పంపిన పెట్టె విప్పి, బల్లమీద పాత పేపర్లు పరిచి, తమ్ముడి పెళ్ళాం కెండ్రా ఆ బూడిదరంగు గుండెను పళ్ళెంలో పెట్టి చిన్న కత్తితో నిలువునా చీరుతుంటే, నాన్న వెనకనుంచి తొంగిచూసి, అట్లా కాదమ్మాయ్, అడ్డంగా కోసి ఉల్లిపాయలేసి వేయించాలి అన్నాడు, కెండ్రా పగలబడి నవ్వింది, మామయ్యా, ఇది మందులో ఊరిన గుండె, తిన్నారంటే వచ్చే వారం మిమ్మల్నే ఈ పళ్ళెంలో పెట్టాల్సొస్తుంది అంది, నాన్న కూడా నవ్వాడు, ఎన్నాళ్ళకో నవ్వాడు, రెవా మాత్రం సింకు దగ్గర నిలబడి ఆ పిల్ల కత్తి పట్టిన తీరు చూస్తూ ఉండిపోయింది, చెయ్యి వణకలేదు, ఎడమ జఠరిక గోడ ఎంత మందమో చూడు వదినా, ఒళ్ళంతటికీ నెత్తురు తొయ్యాలిగా పాపం అంటూ వేలితో నొక్కి చూపించింది, చూపించేదేమిటి, తనకు తెలియదా, తను ఆ పాఠం ఈ పిల్లకంటే ఆరేళ్ళు ముందే చదివింది, జఠరికలు, కర్ణికలు, కవాటాలు, అన్నీ ఇప్పటికీ నాలుక చివరే ఉన్నాయి, ఇవాళ గరిటె గిన్నెకు తగలకుండా చిక్కుడు గింజలు కలుపుతూ రెవా వాటిని వరసగా చెప్పుకుంది, పైకి కాదు, పెదవులు కదిపి అంతే, ఎందుకంటే ఈ ఇంట్లో ఇప్పుడు చప్పుడు కాకూడదు, టీవీ కట్టేసింది, ఫోను మూగది చేసింది, బట్టలుతికే మెషీను ఆపేసింది, హాలు దాటాక నడవా చివర, ఒకప్పుడు అమ్మ పడుకున్న గదిలో, కెండ్రా శరీరశాస్త్రం రెండో భాగం ఆఖరి పరీక్ష రాస్తోంది, తొమ్మిదిన్నరకు మొదలైంది, మొదలవడానికి ముందు ల్యాప్‌టాప్ చేత్తో ఎత్తి గది నాలుగు మూలలూ కెమెరాకు చూపించింది, మంచం కింద చూపించింది, పరదా వెనక చూపించింది, జుట్టు పైకెత్తి చెవులు చూపించింది, అమ్మ అద్దం మీద దుప్పటి కప్పమన్నారట, కప్పింది, ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల కూర్చున్న మనిషెవరో రెండు గంటలూ కన్నార్పకుండా చూస్తుంటాడట, గదిలోకి ఇంకో మనిషి కాలు పెడితే పరీక్ష అక్కడికక్కడే ఆగిపోతుందట, నీకు దండం పెడతా వదినా, మామయ్యను మాత్రం ఇటు రానియ్యకు, రెండే గంటలు అని చెప్పి కెండ్రా తలుపు దగ్గరగా వేసుకుంది, దగ్గరగా వేసుకోవడమే, ఆ తలుపుకు గొళ్ళెం లేదు, ఉండేది, పోయిన చలికాలం నాన్న లోపల వేసుకుని తీయడం మరిచిపోయి గంటసేపు ఓపల్, ఓపల్ అని అమ్మ పేరు పెట్టి ఏడిస్తే, రెవాయే స్క్రూడ్రైవరు తెచ్చి దాన్ని ఊడబెరికి పారేసింది.

పదీ పది, ఇంకా గంటా ఇరవై నిమిషాలు, నాన్న హాల్లో తన కుర్చీలో కూర్చుని తువ్వాళ్ళు మడత పెడుతున్నాడు, పాతిక తువ్వాళ్ళు, మడత పెట్టడం అయిపోగానే రెవా వాటిని లోపలికి తీసుకెళ్ళి విప్పి, కుప్ప చేసి మళ్ళీ తెచ్చి ముందు పోస్తుంది, అబ్బో, ఈ ఇంట్లో ఎంతమంది స్నానం చేస్తార్రా దేవుడా అంటూ ఆయన మళ్ళీ మొదలుపెడతాడు, ఈ కిటుకు వృద్ధాశ్రమంలో నేర్చుకున్నది, పంతొమ్మిదేళ్ళ ఆయా పని నేర్పింది ఇలాంటివే, చేతికి పని ఉంటే మనసు వెతుక్కోవడం మానేస్తుంది, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, కెండ్రాకు ఇది తెలియదు, కెండ్రాకు తొంభై ఏడు మార్కులు తెలుసు, సూక్ష్మజీవుల శాస్త్రంలో తొంభై ఏడు, గణాంకాలలో తొంభై నాలుగు, ఇంగ్లీషు వ్యాసంలో నూటికి నూరు, ఆ వ్యాసం దేని గురించి రాసిందో కూడా చెప్పింది, నీ గురించే వదినా, మా వదిన అని రాశా, మాకు శరీరశాస్త్రం చెప్పే టాకెట్ మేడమ్‌కి కూడా పంపించా, ఆవిడ చదివి ఏడ్చిందట అని, అప్పుడు రెవా నవ్వింది, నవ్వి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని కొళాయి విప్పి నిలబడింది, తన బతుకు కూడా ఈ పిల్లకు మార్కులు తెచ్చిపెట్టింది, అదీ నూటికి నూరు.

తప్పు ఎవరిది, తనదే, ఎవరూ చెప్పక్కర్లేదు, రెండేళ్ళ కిందట కెండ్రా చవక సామాన్ల కొట్లో గల్లా దగ్గర నిలబడేది, ఇరవై ఐదేళ్ళ పిల్ల, బబుల్‌గమ్ నములుతూ, ఎవరేం కొన్నారో చూసి ఇంట్లో ఎవరికి జబ్బో చెప్పేసేది, ఆ నాలుగో వీధి ముసలాయనకు చక్కెర జబ్బు మొదలైంది వదినా, పోయిన నెలనుంచి నీళ్ళ సీసాలు పెట్టెలకు పెట్టెలు మోస్తున్నాడు అని ఓ రోజు అంది, నెల తిరక్కుండా ఆ ముసలాయన ఆస్పత్రి పాలయ్యాడు, అప్పుడే రెవా అంది, నీకు బుర్ర ఉంది పిల్లా, గల్లా దగ్గర పారేసుకోకు, నర్సింగుకు ముందు చదవాల్సినవన్నీ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చదువుకోవచ్చు, ఇంగ్లీషు, లెక్కలు, మనస్తత్వశాస్త్రం, శరీరశాస్త్రం రెండు భాగాలు, సూక్ష్మజీవులు, అవి బి గ్రేడు తగ్గకుండా పూర్తిచేస్తే అసలు నర్సింగు కాలేజీలో సీటుకు దరఖాస్తు పెట్టొచ్చు అని, ఆ మాట అన్నదీ తనే, దరఖాస్తు నింపిందీ తనే, నాకెందుకొదినా ఈ వయసులో చదువులు, నన్ను చూసి నవ్వుతారు అని కెండ్రా వెనక్కి లాగితే, నవ్వనీ, పళ్ళే కదా కనిపించేది అని ముందుకు తోసిందీ తనే, తన పుస్తకాలు అటక మీదనుంచి దింపి దుమ్ము దులిపి ఇచ్చింది, ఒక్కో పేజీలో పసుపురంగు గీతలు, అంచుల్లో చిన్న అక్షరాలు, అవి రాసిన రాత్రులు, కెండ్రా ఏమందో తెలుసా, నువ్వు గీతలు గీసినంత మేరకే చదివా వదినా, మిగతాదంతా వదిలేశా, అదే వచ్చింది పరీక్షలో అంది, మెచ్చుకోలుగానే అంది, ఆ పిల్లకు వేరేలా అనడం రాదు, అయినా ఆ మాట లోపలికి ముల్లులా దిగి అక్కడే విరిగింది, ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా, ఇక్కడ చెవులు కోసి కొమ్ములకు ఎరువేసినట్టయింది.

తను ఎలా చదివింది, పగలు ఆశ్రమంలో మనుషుల్ని ఎత్తి, దించి, తుడిచి, ఇంటికొచ్చి స్నానం చేసి, తడి జుట్టుతోనే ఈ బల్ల దగ్గర కూర్చునేది, నాలుగు పాఠ్యాంశాలు బి, ఒకటి ఎ, మనస్తత్వశాస్త్రంలో ఎ, ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించింది అమ్మ, శరీరశాస్త్రం మొదటి భాగం కూడా గట్టెక్కింది, రెండో భాగం సగంలో ఉండగా అమ్మకు పక్షవాతం వచ్చింది, కుడివైపంతా పడిపోయింది, మూత్రపిండాల పాఠం ఆస్పత్రి వరండాలో చదివింది, హార్మోన్ల పాఠం అసలు చదవనే లేదు, సి వచ్చింది, సి పనికిరాదు అన్నారు, సరే మళ్ళీ రాద్దాం అనుకుంది, అమ్మను ఆ గదిలోనే పెట్టుకుని చూసుకుంది, ఏడాదిన్నర, అమ్మ పోయాక నాన్న మతిమరుపు బయటపడింది, అప్పటిదాకా అమ్మ దాన్ని కప్పిపుచ్చుతూ వచ్చిందని అప్పుడే తెలిసింది, ఇవాళా రేపా అంటూండగా కాలేజీనుంచి ఉత్తరం వచ్చింది, విజ్ఞానశాస్త్ర పాఠ్యాంశాలు చదివి ఐదేళ్ళు దాటితే చెల్లవు, మొదటినుంచి మళ్ళీ చదవాలి అని, అంటే గుండెకు గదులు ఐదేళ్ళకోసారి మారతాయా, పాలలాగా విరిగిపోతుందా చదువు, ఆ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి పిండి డబ్బా కింద పెట్టింది, అందరికీ ఒకటే మాట చెప్పింది, నేను వదిలేశాలే, నాకిక ఆ గొడవ వద్దు, చర్చిలో అడిగినవాళ్ళకు చెప్పింది, ఆశ్రమంలో చెప్పింది, తమ్ముడు డ్వేన్ అడిగితే అదే చెప్పింది, డ్వేన్ మంచిదేలే అక్కా, నీకు విశ్రాంతి అన్నాడు, విశ్రాంతి, వాడి తండ్రికి రోజూ స్నానం చేయించేది ఎవరట.

పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర ఆడవాళ్ళంతా చందాలేసుకుని కెండ్రాకు స్టెతస్కోపు కొనిచ్చారు, సీటు ఇంకా రాలేదు, ఈ ఒక్క పరీక్షలో బి వస్తే తప్ప రాదు, ఇరవై నాలుగు సీట్లకు నూట పదిమంది, అయినా కొనిచ్చారు, మన కొండల్లోంచి ఒక నర్సమ్మ అని చప్పట్లు కొట్టారు, ఆ భోజనాలకు మూడు ఆపిల్ పైలు కాల్చి తెచ్చింది రెవా, వాటిని కోసి పంచింది రెవా, డ్వేన్ లేచి నిలబడి మా ఆవిడ, మా ఆవిడ అంటూ అక్కడితో ఆపి కూర్చుండిపోయాడు, కెండ్రా స్టెతస్కోపు మెడలో వేసుకుని తిన్నగా నాన్న దగ్గరికొచ్చి ఆయన ఛాతీమీద పెట్టింది, మామయ్యా, మీ గుండె గుర్రంలా పరిగెడుతోంది, ఎవరికోసం అంది, అందరూ నవ్వారు, అప్పటినుంచి నాన్నకు అది ఎలా పట్టుకుందో ఏమో, తన పేరు మరిచిపోతాడు, రోజు మరిచిపోతాడు, కెండ్రా రాగానే మాత్రం నర్సమ్మ వచ్చిందే అంటాడు, నిన్న రాత్రి రెవా ఆయన కాలిగోళ్ళు తీస్తుంటే, జాగ్రత్తమ్మా, నొప్పి పుడితే నర్సమ్మతో చెప్తా అన్నాడు, నాలుగేళ్ళుగా ఆ కాళ్ళు కడిగిన చేతులివి, ఇంకో రెండేళ్ళు పోతే కెండ్రా నర్సు దుస్తుల్లో ఆశ్రమంలోకి నడిచొస్తుంది, అక్కడే ఉద్యోగం ఇస్తారు, ఈ ఊళ్ళో ఇంకో చోటు ఏముంది, మందుల బండి తోసుకుంటూ ఒక్కో గది తిరుగుతుంది, రెవా వెనక దుప్పట్లు పట్టుకుని నిలబడాలి, వదినా, ఆరో గదిలో పెద్దావిడ పక్క తడిసింది, కాస్త చూస్తావా అంటుంది, కాస్త అని కూడా అంటుంది, అదే భరించలేనిది, గద్దిస్తే తిరిగి గద్దించొచ్చు, ఆ పిల్ల మంచిగా అడుగుతుంది, పొయ్యి తగ్గించాలి, గింజలు అడుగంటుతున్నాయి, మాడు వాసన, ఎక్కడిదో ఈ మాడు వాసన, గిన్నెలోదేనా.

పొయ్యి తగ్గించి తలెత్తేసరికి హాల్లో కుర్చీ ఖాళీగా ఉంది.

కాదు, ఖాళీ కాలేదు ఇంకా, అవుతోంది, నాన్న రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి లేస్తున్నాడు, ఒళ్ళోని తువ్వాలు కిందికి జారింది, ఇరవై నాలుగు మడతలూ పక్కన చక్కగా పేర్చి ఉన్నాయి, పని అయిపోయింది, తను వెళ్ళి విప్పి తేవాల్సింది, వెళ్ళలేదు, చర్చిలోనూ ఆరో గదిలోనూ తిరుగుతూ మరిచిపోయింది, నాన్న నిలబడ్డాడు, చుట్టూ చూశాడు, ఓపల్ అన్నాడు మెల్లగా, తనలో తాను, తర్వాత ఆయన ముఖం ఎప్పటిలా నడవా వైపు తిరిగింది, అమ్మ గది వైపు, ఆయన దారి తప్పని ఒకే ఒక్క దారి అది, వంటింటి గుమ్మం ముందునుంచే వెళ్ళాలి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, రెవా గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చి నిలబడింది, నాన్నా అనాలి, అంటే చాలు, ఆయన ఆగుతాడు, ఎప్పుడూ ఆగుతాడు, రా, కాఫీ తాగుదువు అంటే తిరిగొస్తాడు, గొంతు పెంచక్కర్లేదు కూడా, ఆ మాట నోట్లోకి వచ్చింది, నాలుక మీద కూర్చుంది, చెప్పులు బరబరలాడుతూ ఆయన ముందునుంచి దాటాడు, ఆయన దగ్గర సబ్బు వాసన, పొద్దున్న తనే రుద్దిన సబ్బు, ఒక అడుగు, రెండు, ఇంకా పిలవొచ్చు, మూడు, పరిగెత్తి భుజం పట్టుకోవచ్చు, నాలుగు, ఆ పిల్ల ఇప్పుడు ఎన్నో ప్రశ్నలో ఉందో, ఐదు, నేను తలుపు తియ్యలేదు, నేనేమీ చెయ్యలేదు, ఆరు, పెద్దాయన, మతిలేని మనిషి, ఎవరు మాత్రం ఏమంటారు, ఏడు, నాన్న చెయ్యి తలుపు మీద పడింది, గొళ్ళెం లేని తలుపు, ఊరికే పడితే చాలు, అది తెరుచుకుంది, ఓపల్, నీ కుర్చీలో ఈ పిల్లెవరే అన్నాడు నాన్న, లోపల ల్యాప్‌టాప్‌లోంచి ఒక మగ గొంతు, మర్యాదగా, నిదానంగా, గదిలో ఇంకో వ్యక్తి కనిపిస్తున్నారు, నిబంధన ప్రకారం పరీక్ష ఆపేస్తున్నాం అంది, అప్పుడు, ఆ క్షణంలో, రెవా నోట్లో తీపి ఊరింది, నిజంగానే ఊరింది, చక్కెర పలుకు పెట్టుకున్నట్టు, ఎంతసేపు, ఒక గుక్క మింగేంతసేపు, ఆ తర్వాత అక్కడ ఏమీ లేదు, నాలుక కూడా లేనట్టు.

కెండ్రా అరుస్తుందనుకుంది, ఏడుస్తుందనుకుంది, ఏదో ఒకటి విసిరికొడుతుందనుకుంది, కెండ్రా నాన్న చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది, ఆయన ముఖంలోకి చూస్తూ, అత్తయ్య ఇక్కడ లేదు మామయ్యా, మనం హాల్లో కూర్చుందామా అంటూ, అడుగులో అడుగేసి నడిపించుకొచ్చింది, కుర్చీలో కూర్చోబెట్టి మోకాళ్ళమీద దుప్పటి సర్దింది, అప్పుడు తన చేతులు చూసుకుంది, అవి వణుకుతున్నాయి, గొర్రె గుండె దగ్గర వణకని చేతులు, అరవై ఒక్క ప్రశ్నలయ్యాయొదినా అంది, డెబ్భై ఐదుకు, ఇంకా పద్నాలుగే, అన్నీ వచ్చినవే, హార్మోన్లే, రెవా నోరు తెరిచింది, కెండ్రా అడ్డుపడింది, నువ్వేం చేస్తావులే, ఒక్కదానివి, ఇటు పొయ్యి, అటు ఆయన, అర నిమిషం కన్ను మరలి ఉంటుంది, మా ఇంట్లో నెట్ ఉండి ఉంటే నీకీ తిప్పలు తెచ్చేదాన్నా, లోయ చివర రేకుల కొంప, లైబ్రరీ బయట కార్లో కూర్చుని చదివిన మొహం నాది అని నవ్వబోయింది, నవ్వు సగంలో ఇంకేదో అయిపోయింది, ముక్కు తుడుచుకుంది, టాకెట్ మేడమ్‌కి మెయిలు కొట్టేశా, ఫోను చేస్తుందేమో అంది, రెవా గరిటె ఇంకా చేతిలోనే ఉంది, దాని కొసనుంచి చిక్కుడు పులుసు చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతోంది, కెండ్రా వంగి అది కూడా తుడిచింది.

ఫోను వెంటనే మోగింది, శనివారమైనా, ఆఖరి పరీక్షల వారం కనక కాబోలు, టాకెట్ మేడమ్ గొంతు ముసలిది, పొడిగా ఉంది, రెండేళ్ళుగా పాఠాలు చెప్పిన మనిషి, ఈ ఇంట్లో ఎవరూ ఆవిడ ముఖం ఎదురుగా చూడలేదు, ఏం జరిగిందమ్మా, ఆ పెద్దాయన ఎవరు, నీకు సాయం చెయ్యడానికి వచ్చినట్టు అయితే లేదు, కానీ నాకు ఇంట్లో ఉన్నవాళ్ళ మాట కావాలి, ఎవరున్నారు పక్కన అంది, మా వదినుందండీ అంది కెండ్రా, ఫోను మీద అరచెయ్యి మూసి గుసగుసగా, బాత్రూంలో ఉన్నానని చెప్పొదినా, అంతే చాలు, ఎవరూ ఏమీ అనరు అంటూ చేతికిచ్చింది, ఫోను వెచ్చగా ఉంది, రెవా దాన్ని చెవికి పెట్టుకోలేదు, బల్లమీద పెట్టి, గొంతు అందరికీ వినపడేలా మీట నొక్కింది, ఎందుకు నొక్కిందో తనకే తెలియదు, బాత్రూం అన్న మాట తయారుగానే ఉంది, కడిగి తుడిచి ఇచ్చిన గిన్నెలాంటి అబద్ధం, ఆ పిల్లే ఇచ్చింది, వాడుకుంటే ఇద్దరికీ సుఖం, ఈ ఇరవై ఏడేళ్ళ పిల్ల తన పుస్తకాల్లోంచి గీతలు తీసుకుంది, ఇల్లు తీసుకుంది, నాన్న నవ్వు తీసుకుంది, ఇప్పుడు అబద్ధం ఇస్తోంది, ఇదొక్కటీ తీసుకుంటే ఇక జీవితమంతా ఆ పిల్ల కళ్ళలోకి చూసినప్పుడల్లా బాత్రూం తలుపు కనిపిస్తుంది, నేను బాత్రూంలో లేనండీ అంది రెవా, వంటింట్లో ఉన్నాను, మా నాన్న లేవడం చూశాను, నడవడం చూశాను, పిలిస్తే ఆగేవాడు, పిలవలేదు, హాల్లో నాన్న తువ్వాళ్ళు అడుగుతున్నాడు, ఎందుకు పిలవలేదమ్మా అంది టాకెట్ మేడమ్, రెవా కెండ్రా వైపు చూడకూడదనుకుని చూసింది, ఓర్వలేకండీ అంది.

ఆ తర్వాత ఎవరు ఏమన్నారో వరసగా గుర్తులేదు, టాకెట్ మేడమ్ దగ్గింది, ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఇంటర్నెట్ పోయిందన్నారు, హోంవర్కు కుక్క తినేసిందన్నారు, ఈ కారణం ఎవరూ చెప్పలేదు అంది, వీడియో మొత్తం చూసి నిర్ణయిస్తాను, అందులో అనుమానించేది లేకపోతే సోమవారం పదింటికి వేరే ప్రశ్నపత్రం ఇస్తాను, శుక్రవారంలోగా కాలేజీకి మార్కులు పంపాలి కనక ఇంకో రోజు లేదు, తలుపు దగ్గర మాత్రం నమ్మకమైన మనిషిని పెట్టుకో తల్లీ అంది, ఫోను ఆగిపోయింది, కెండ్రా ఒక్కసారిగా కదిలింది, గదిలోకెళ్ళి ల్యాప్‌టాప్ సంచీలో కుక్కుకుంటూ, అద్దం మీది దుప్పటి లాగేసి మంచం మీద విసిరికొట్టి, రెండేళ్ళు అంది, రెండేళ్ళు నీ వెనకే తిరిగాను కదా, నీ పుస్తకాలే చదివాను కదా, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ నోటితో తిట్టినా బాగుండేది, నీకు మండుతోందని నాకెట్లా తెలుస్తుంది, నవ్వుతూ పైలు కాలుస్తావు, ఆ మాటలన్నీ రెవా మీద పడుతుంటే ఆమె తప్పుకోలేదు, తప్పుకోవాలని అనిపించలేదు, పంతొమ్మిదేళ్ళలో ఎంతోమంది ముసలివాళ్ళు తనను తిట్టారు, ఏ తిట్టూ ఇంత సరిగ్గా తన పేరుమీద రాలేదు, దోమతెర తలుపు దభీమని కొట్టుకుంది, కారు తలుపు కొట్టుకుంది, ఇంజను మాత్రం మోగలేదు, కిటికీలోంచి చూస్తే కెండ్రా స్టీరింగు మీద తల ఆనించి కూర్చుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, వెళ్ళాలా, వెళ్ళి ఏమనాలి, చెయ్యి వేస్తే ఆ పిల్ల ఒళ్ళు కాలదూ, రెవా తువ్వాళ్ళు విప్పి నాన్న ముందు పోసింది, అబ్బో ఎన్నెన్ని అన్నాడు నాన్న.

పది నిమిషాల తర్వాత కెండ్రా మళ్ళీ లోపలికొచ్చింది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ఛార్జరు మరిచిపోయా అంది, గోడకున్న ఛార్జరు పీకింది, తీగ చేతికి చుట్టుకుంటూ గోడకే చెబుతున్నట్టు, నేను నీతో మాట్లాడట్లేదు, ఇది మాట్లాడటం కాదు అంది, సోమవారం డ్వేన్‌కి డ్యూటీ, లైబ్రరీ పన్నెండుకు గానీ తెరవరు, ఇంకో చోటు నాకు లేదు, పదింటికి వస్తా, కుర్చీ తెచ్చి ఆ తలుపుకు ఆనించి కూర్చో, మామయ్య చెయ్యి పట్టుకుని కూర్చో, కుళ్ళుకుంటే కుళ్ళుకో, పరీక్ష అయ్యేదాకా లేవకుండా కూర్చుని కుళ్ళుకో, రెవా తలూపింది, కూర్చుంటాను అంది, కెండ్రా గుమ్మం దాకా వెళ్ళి ఆగింది, వెనక్కి తిరిగింది, ఈసారి కోపం కాదు, అర్థంకాని లెక్క ముందు కూర్చున్నప్పుడు ఆ పిల్ల నుదురు ముడిపడినట్టు ముడిపడింది, ఇంతకీ నీకెందుకొదినా మంట, నువ్వు ఇదంతా వదిలేశానన్నావుగా అంది, జవాబుకోసం నిలబడలేదు, ఈసారి కారు కదిలిపోయింది, రాళ్ళ దారి మీద టైర్ల చప్పుడు మలుపు దాకా వినిపించింది, వదిలేశానన్నావుగా, అవును అన్నాను, అందరికీ అన్నాను, వదిలేసినదాన్ని ఎవరైనా తీసుకుపోతే మనకేం, పక్కింటి ఈడా నర్సు అయితే మండలేదే, డ్వేన్ కొత్త ట్రక్కు కొంటే మండలేదే, ఈడా చెల్లెలికి పెద్ద ఇల్లు వస్తే, పోనీ పాపం అనుకున్నాను, నాకు అక్కర్లేనివి కనక, మరి ఈ ఒక్కటీ, ఈ పసుపు గీతలు, ఈ జఠరికలు, పద్నాలుగు ప్రశ్నలు మిగిలాయి అనగానే హార్మోన్ల ప్రశ్నలు ఏమై ఉంటాయా అని నా బుర్ర నన్నడక్కుండానే వెతికిందే, మెడ దగ్గర ఏ గ్రంథి, మూత్రపిండం మీద ఏ గ్రంథి, నేను చదవకుండా వదిలిన పాఠం అది, చదవాలనిపించిందే, ఆ పిల్ల ఏడుస్తుండగా, నా తప్పుతో ఆ పిల్ల నిలబడి ఏడుస్తుండగా కూడా నాకు చదవాలనిపించిందే, చచ్చినదాంట్లో నొప్పి ఉండదు, ఆ మాత్రం ఆయా పని చేసినవాళ్ళెవరికైనా తెలుసు, నొప్పి ఉందంటే లోపల ఇంకా ప్రాణం ఉందనే లెక్క, రెవా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది, గింజలు మాడినా లేవలేదు, వదిలేశాను అన్నది అబద్ధం, ఊరందరికీ చెప్పిన అబద్ధం, ముందుగా తనకు తాను చెప్పుకున్న అబద్ధం, నలభై మూడేళ్ళొచ్చాయి, చదివిందంతా చెల్లదన్నారు, నాన్న ఉన్నాడు, అయినా సరే, తను నర్సు కావాలనే అనుకుంటోంది, ఇంకా.